పెట్టెలో పెట్టిన నమ్మకం: కార్ల్ ఫాబెర్జే జీవితం

పెళ్లి ఇంట్లో జేవర్ చూపించే ఘడియ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ముందు కనిపించేది హారం కాదు, డబ్బా. మఖ్మల్ డబ్బా గొళ్లెం నొక్కి మూత పైకి లేపేదాకా గదిలో అందరి చూపూ దాని మీదే ఉంటుంది. మూత తెరుచుకున్నాక మాత్రం డబ్బాను ఎవరూ పట్టించుకోరు. నాలుగు రోజులు పోయాక అది అలమారాలో ఏ మూలకో చేరుతుంది, లేదా పిల్లల ఆటవస్తువు అవుతుంది.

ఆ డబ్బాను నగతో సమానంగా చూసిన మనిషి ఒకాయన ఉన్నారు. రష్యా చక్రవర్తులకు నగలు చేసి పెట్టిన పీటర్ కార్ల్ ఫాబెర్జే. ప్రపంచం ఆయన్ని బంగారు గుడ్లు చేసిన మనిషిగా గుర్తు పెట్టుకుంది. నిజానికి ఆ గుడ్లు కూడా ఒక రకం పెట్టెలే. లోపల ఒక చిన్న విలువైన వస్తువును దాచి, కాపాడి, సరైన క్షణంలో తెరిచి చూపించడానికి చేసినవి. జీవితమంతా ఇతరుల విలువైన వస్తువులకు భద్రమైన ఇల్లు కట్టిన ఆ మనిషి, చివరికి సొంత ఇల్లు, సొంత సొత్తు కాపాడుకోలేక పరాయి దేశంలో కన్నుమూశారు. ఆయన కథ తెలుసుకోవాల్సింది అందుకే.

నేలమాళిగలో మొదలైన దుకాణం

ఫాబెర్జే పూర్వీకులు ఫ్రాన్స్‌కు చెందిన ప్రొటెస్టెంట్లు. మతం కారణంగా వేధింపులు పెరిగి దేశం విడిచి, తూర్పు వైపుకు వలస వెళ్లినవారు. తండ్రి గుస్తావ్ 1842లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో, బొల్షాయా మొర్స్కాయా అనే వీధిలో నేలమాళిగలో ఒక చిన్న నగల దుకాణం తెరిచారు. 1846 మే 30న కార్ల్ పుట్టారు.

కుర్రవాడికి 14 ఏళ్లు ఉన్నప్పుడు, 1860లో, తండ్రి వ్యాపారాన్ని నమ్మకస్తులైన తోటివారి చేతుల్లో పెట్టి కుటుంబంతో జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి మారిపోయారు. అది కార్ల్‌కు కలిసొచ్చింది. సాక్సనీ రాజుల ఖజానా ఆ ఊళ్లోనే ఉంది. గ్రీన్ వాల్ట్ అని దానికి పేరు. మామూలు ఖజానాల్లో సొమ్ము తాళం వెనక చీకట్లో ఉంటుంది. ఇక్కడ అలా కాదు. అద్దాలు, అల్మారాలు, గూళ్లు పెట్టి ప్రతి వస్తువునూ కంటికి ఇంపుగా అమర్చారు. దాచడం, చూపించడం రెండూ ఒకేచోట జరగొచ్చని ఆ పిల్లవాడు చూసి తెలుసుకున్నది అక్కడే అనుకోవచ్చు.

తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక స్వర్ణకారుడి దగ్గర పని నేర్చుకున్నారు. పారిస్‌లో వ్యాపారం చదివారు. ఫ్లోరెన్స్ చూశారు. అంటే చేతిపని, లెక్కలు, కళ మూడూ వేర్వేరు ఊళ్లలో సంపాదించుకుని సెయింట్ పీటర్స్‌బర్గ్ తిరిగొచ్చారన్నమాట. 1872లో, 26 ఏళ్ల వయసులో, తండ్రి దుకాణం బాధ్యత ఆయన భుజాల మీద పడింది. అదే ఏడు ఆగస్టా జాకబ్స్‌తో పెళ్లి జరిగింది.

జీతం లేని కొలువు

కుర్ర వ్యాపారి అయితే ఏం చేస్తాడు? ఎక్కువ సరుకు, ఎక్కువ లాభం కోసం పరుగెడతాడు. కార్ల్ మాత్రం చాలా ఏళ్లు హెర్మిటేజ్ మ్యూజియంలో పైసా తీసుకోకుండా పని చేశారు. అక్కడి పాత నగలకు మరమ్మతు చేయడం, వాటి విలువ కట్టడం ఆయన పని. బయటివాళ్లకు అది నష్టంగానే కనిపించి ఉంటుంది. కానీ వేల ఏళ్ల నాటి కారీగర్లు బంగారాన్ని ఎలా సాగదీశారో, కీలు ఎలా బిగించారో, రాయిని ఎలా పొదిగారో చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఏ జీతానికీ దొరకదు.

నల్ల సముద్రం ఒడ్డున కెర్చ్ దగ్గర తవ్వకాల్లో దొరికిన ప్రాచీన బంగారు నగలకు ఆయన దుకాణం నకళ్లు చేసింది. 1882లో మాస్కోలో జరిగిన అఖిల రష్యా ప్రదర్శనలో వాటిని పెడితే బంగారు పతకం వచ్చింది. మహారాణి మారియా ఫ్యోదొరోవ్నా స్వయంగా వచ్చి కొన్నారు. జార్ మూడో అలెగ్జాండర్‌కు అసలు ఏదో నకలు ఏదో తేడా తెలియలేదని కూడా చెప్పుకుంటారు. తమ్ముడు అగథాన్ కూడా ఆ రోజుల్లోనే దుకాణంలో చేరారు. అగథాన్ చేతిలో మంచి గీత ఉంది. ఇద్దరూ కలిసి దుకాణం తీరే మార్చేశారు.

ఆ మార్పు ఏమిటంటే, రాయి బరువును బట్టి వెల కట్టే పద్ధతిని వాళ్లు పక్కన పెట్టారు. పెద్ద వజ్రం ఎవరైనా అమ్మగలరు, దానికి హునర్ అక్కర్లేదు అన్నది కార్ల్ నమ్మకం. మామూలు రాయి, కర్ర, ఉక్కు అయినా సరే, చేసిన పని చూసి మనిషి ఆగిపోవాలి. పని సరిగ్గా కుదరని వస్తువును ఆయన సుత్తితో పగలగొట్టేసేవారని కూడా ఒక మాట ఉంది.

గుడ్డు కాదు, పెట్టె

1885లో మూడో అలెగ్జాండర్ తన భార్యకు ఈస్టర్ పండుగ కానుకగా ఒక వస్తువు చేయమన్నారు. ఆ పండుగకు రష్యాలో రంగు వేసిన గుడ్లు ఇచ్చుకోవడం ఆనవాయితీ. మహారాణి పుట్టిల్లు డెన్మార్క్. ఆ రాజవంశం దగ్గర 18వ శతాబ్దానికి చెందిన ఒక గుడ్డు పెట్టె ఉండేది. దాని పోలికలోనే ఫాబెర్జే కొత్తది చేశారు.

పైకి చూస్తే ఏమీ లేదు. 6.4 సెంటీమీటర్ల తెల్లని గుడ్డు. నిజం గుడ్డులాగే ఉంటుంది. తిప్పి తెరిస్తే లోపల బంగారు పచ్చసొన. దాన్ని తెరిస్తే బంగారు కోడి. ఆ కోడినీ తెరిస్తే లోపల వజ్రాల కిరీటం, దానికి వేలాడే కెంపు. పొరలో పొర, పెట్టెలో పెట్టె. ప్రతి మూతా సరిగ్గా కూర్చోవాలి, ప్రతి కీలూ కంటికి కనబడకుండా ఉండాలి. మహారాణి ఎంత సంతోషించారంటే, అదే ఏడు ఫాబెర్జేకు రాజాస్థాన సరఫరాదారు బిరుదు వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఏటా ఒక గుడ్డు. 1894లో జార్ చనిపోయాక కొడుకు రెండో నికొలస్ ఏటా రెండు చేయించేవారు, తల్లికి ఒకటి, భార్యకు ఒకటి. జపాన్‌తో యుద్ధం వల్ల 1904, 1905లో ఆగాయి. మొత్తం 50 గుడ్లు రాజకుటుంబానికి చేరాయి.

వీటిలో కొన్నింటిని చూస్తే ఇవి అలంకారం కోసమే కాదు, నిజంగానే భద్రపరిచే పెట్టెలని అర్థమవుతుంది. 1897 నాటి పట్టాభిషేకం గుడ్డులో పది సెంటీమీటర్లు కూడా లేని ఒక చిన్న గుర్రపు బండి ఉంది, రాణి ఎక్కిన నిజమైన బండికి నకలు. దాని చక్రాలు తిరుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి. ఆ ఒక్క బండి చేయడానికే ఏడాదికి పైగా పట్టింది. గుడ్డు లోపల దానికోసం వెల్వెట్ అస్తరు వేసిన గూడు ఉంది. 1900 నాటి సైబీరియా రైలు గుడ్డులో బంగారం, ప్లాటినంతో చేసిన రైలు మడతలు పెట్టి కూర్చుంటుంది. బంగారు తాళంచెవితో కీ ఇస్తే నడుస్తుంది.

1887 నాటి గుడ్డు మన విషయానికి ఇంకా దగ్గర. బంగారు గుడ్డు, సింహపు పాదాల మూడు కాళ్ల పీట మీద నిలబడి ఉంటుంది. ముందున్న వజ్రాన్ని నొక్కితే తెరుచుకుంటుంది. లోపల వాషెరాన్ కాన్స్టాంటిన్ కంపెనీ చేసిన ఆడవాళ్ల గడియారం. దాన్ని కీలు మీద పైకి లేపితే బల్ల మీద పెట్టుకునే గడియారం అవుతుంది. అంటే గడియారానికి ఇదే కవచం, ఇదే గద్దె. ఈ గుడ్డు సంగతి చివర్లో మళ్లీ చెప్పుకుందాం.

చెక్కు ఊడితే మళ్లీ రాదు

ఫాబెర్జే వస్తువులకు పేరు తెచ్చింది వాటి మీది రంగు. మన దగ్గర మీనాకారీ అంటాం, అదే ఎనామిల్. గాజు పొడిని లోహం మీద పరిచి కొలిమిలో కరిగిస్తారు. ఫాబెర్జే కారీగర్లు ముందుగా బంగారం లేదా వెండి మీద యంత్రంతో అలల్లాంటి సన్నని గీతలు చెక్కేవారు. వాటి మీద పారదర్శకమైన ఎనామిల్ పొర వేసి 700 నుంచి 800 డిగ్రీల వేడిలో కాల్చేవారు. ఆరాక ఇంకో పొర, మళ్లీ కొలిమి. అలా ఐదారు పొరలు. చివరగా ఎంతో ఓపికగా చేత్తో నునుపు పెట్టాలి. అప్పుడు లోపలి గీతలు వెలుతురుకు నీళ్లలా కదులుతాయి. వందకు పైగా రంగులు వాళ్ల దగ్గర ఉండేవి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎనామిల్ అంటే గాజే. కింద పడితే, గట్టిగా తగిలితే, ఒక అంచు చెక్కు ఊడిందంటే అతికించలేం. మళ్లీ కొలిమిలో పెడదామంటే పక్కన ఉన్న రాళ్లు, సున్నితమైన అతుకులు పాడవుతాయి. బంగారం సొట్ట పోతే సరిచేయొచ్చు, ఎనామిల్ విషయంలో అది కుదరదు. అందుకే ఇలాంటి వస్తువును దుకాణం గడప దాటించాలంటే సరైన డబ్బా ఉండి తీరాలి.

హాలీ చెక్క డబ్బా

ఆ కాలపు ఐరోపా నగల దుకాణాలు ఎక్కువగా రంగు వేసిన తోలు అంటించిన డబ్బాలు ఇచ్చేవి. ఫాబెర్జే దుకాణం గుర్తు మాత్రం లేత రంగు చెక్క డబ్బా. ఎక్కువగా హాలీ చెట్టు చెక్క, కొన్నిసార్లు మేపుల్, బర్చ్. హాలీ చెక్క దాదాపు తెల్లగా, గట్టిగా, చాలా సన్నని రేకతో ఉంటుంది. దాన్ని నున్నగా తీర్చి, అంచులు గుండ్రంగా మలిచి, చిన్న కీలు, చిన్న గొళ్లెం పెట్టేవారు. పైన నగిషీ పని ఉండదు. చేతిలోకి తీసుకుంటే సబ్బు ముక్కలా నున్నగా ఉంటుంది, అంతే.

అసలు పనితనం ఆకారంలో ఉంది. రెడీమేడ్ డబ్బాలో వస్తువును ఇరికించడం వాళ్ల పద్ధతి కాదు. వస్తువు తయారయ్యాక దాన్ని బట్టి డబ్బా. గొడుగు పిడికి పొడవాటి డబ్బా, ఫొటో ఫ్రేముకు పలకలాంటిది, బల్ల గడియారానికి దాని అంచులు అనుసరించే డబ్బా. లోపల వస్తువు ఎక్కడ లావుగా ఉంటే అక్కడ లోతు, ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ ఎత్తు వచ్చేలా గూడు కట్టి, దాని మీద వెల్వెట్ పరిచేవారు. మూత లోపలి భాగానికి తెల్లని పట్టు అస్తరు.

ఇది అందం కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. డబ్బాలో వస్తువు కదిలితే డబ్బా ఉన్నా లేనట్టే. గుర్రపు బండి కుదుపుల్లో ఆ వస్తువు గోడకు కొట్టుకుంటూనే ఉంటుంది. గూడు బిగుతుగా ఉంటే బయటికి తీసేటప్పుడు గట్టిగా లాగాలి, అప్పుడు సన్నని భాగం విరుగుతుంది. వదులుగా ఉంటే అరుగుతుంది. వస్తువు బరువు ఒక్కచోట పడకుండా అంతటా సమంగా పడాలి. మూత వేసినప్పుడు పై అస్తరు వస్తువును మెత్తగా పట్టుకోవాలి, నొక్కకూడదు. ఇదంతా కంటికి కనబడని పని. బాగా చేస్తే ఎవరూ గమనించరు.

పట్టు అస్తరు మీద ఒక ముద్ర ఉండేది. రెండు తలల డేగ, కింద ఫాబెర్జే పేరు, దాని కింద దుకాణం ఉన్న ఊళ్ల పేర్లు. సెయింట్ పీటర్స్‌బర్గ్ తర్వాత 1887లో మాస్కో, ఆ పైన ఒదెస్సా, కీవ్, లండన్ వచ్చాయి. ఊళ్లు పెరిగేకొద్దీ ముద్ర మారింది. ఆ ఊళ్ల జాబితా చూసి వస్తువు ఏ కాలానిదో ఇప్పుడు నిపుణులు అంచనా వేస్తారు. ఫాబెర్జే పేరుతో నకిలీలు లెక్కలేనన్ని తిరుగుతున్న రోజుల్లో, వస్తువుకు సరిగ్గా కుదిరే అసలు డబ్బా దొరికిందంటే అది ఒక సాక్ష్యం. అసలు డబ్బాలో నకిలీ పెట్టి అమ్మే మోసగాళ్లు కూడా ఉన్నారు కాబట్టి, కుదిరిందా లేదా అన్నది ముఖ్యం. వందేళ్ల కిందటి వడ్రంగి గూడు కొలత ఇప్పటికీ అబద్ధాన్ని పట్టిస్తుందన్నమాట.

జార్ ఇచ్చే పెట్టె

ఫాబెర్జేకు పెద్ద గిరాకీ ఇంకొకటి ఉండేది. జార్ తరఫున మంత్రులకు, రాయబారులకు, విదేశీ అతిథులకు ఇచ్చే నజరానాలు. వాటిలో పైస్థాయి కానుక బంగారు నస్యం పెట్టె, మూత మీద జార్ పేరు అక్షరాలు లేదా చిత్రం, చుట్టూ వజ్రాలు. ఇవి డేగ ముద్ర ఉన్న ఎర్ర తోలు డబ్బాల్లో వచ్చేవి. నస్యం వాడే అలవాటు అప్పటికే పోయింది, అయినా పెట్టె ఇవ్వడం మర్యాదగా నిలిచిపోయింది. ఖాళీ పెట్టే గౌరవం అయింది.

తమాషా ఏమిటంటే, అందుకున్నవారు కావాలంటే పెట్టెను రాజకార్యాలయానికి తిరిగి ఇచ్చి విలువ నగదుగా తీసుకోవచ్చు. అలా వెనక్కి వచ్చిన పెట్టె మళ్లీ ఇంకొకరికి నజరానాగా వెళ్లేది. ఒకే పెట్టె రెండు మూడు చేతులు మారిన సందర్భాలూ ఉన్నాయి.

కానుక ఎలా చేతికి అందాలన్న దాని మీద ఆ రోజుల్లో చాలా ఆలోచన ఉండేది. చమురు వ్యాపారి ఇమానుయేల్ నోబెల్ తన ఇంటి విందుకు వచ్చిన ఆడవాళ్లకు ఇవ్వడానికి ఫాబెర్జే దగ్గర చిన్న బ్రోచీలు చేయించేవారు. ఖరీదు మరీ ఎక్కువైతే లంచంలా కనిపిస్తుందని, పని బాగుండాలి కానీ సరుకు మరీ విలువైనది కాకూడదని ఆయన కోరిక. ఆల్మా పీల్ అనే యువతి ఆ పని చేసింది. దుకాణంలోని పెద్ద కారీగర్ కుటుంబంలోని పిల్ల. చలికాలంలో కిటికీ అద్దం మీద మంచు గడ్డకట్టి ఏర్పడిన పూల ఆకారాలు చూసి ఆమెకు ఆలోచన తట్టింది. అవే మంచుపూలు 1913లో ఆమె గీసిన వింటర్ గుడ్డుకు రూపమయ్యాయి. స్ఫటికంతో చేసిన ఆ గుడ్డు లోపల తెల్లని పూల బుట్ట కనిపిస్తుంది. మగవాళ్ల రాజ్యమైన ఆ వృత్తిలో ఒక అమ్మాయి గీసిన గీతను నమ్మి చక్రవర్తి ముందు పెట్టడం ఫాబెర్జే దుకాణం గొప్పతనం.

అప్పటికి ఆయన దగ్గర దాదాపు 500 మంది పని చేస్తున్నారు. బొల్షాయా మొర్స్కాయాలోని 24వ నంబరు భవనంలో కింద దుకాణం, పైన కార్ఖానాలు, గీతలు గీసే గది, అందులోనే కుటుంబం ఉండే ఇల్లు. ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీ, రష్యా, ఎస్టోనియా మూలాల కారీగర్లు ఒకే కప్పు కింద ఉండేవారు. ఫాబెర్జే స్వయంగా వస్తువు చేసే మనిషి కాదు. ఆలోచించడం, ఎంచడం, తప్పు పట్టడం ఆయన పని. అందుకే వస్తువుల మీద కంపెనీ పేరుతో పాటు పెద్ద కారీగర్ ముద్ర కూడా ఉంటుంది. మిహాయిల్ పెర్ఖిన్, హెన్రిక్ విగ్‌స్ట్రోమ్ లాంటి పేర్లు ఈనాటికీ బతికి ఉన్నాయంటే ఆ ముద్రల పుణ్యమే. ఈస్టర్ గుడ్డు రాజభవనానికి క్షేమంగా చేరిందన్న కబురు వచ్చేదాకా కార్ఖానాలో ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదని చెప్పుకుంటారు.

ఉక్కు గుడ్డు, రాగి గిన్నె

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కారీగర్లు సైన్యంలోకి వెళ్లిపోయారు. బంగారం, వెండి దొరకడం కష్టమైంది. ఫాబెర్జే కార్ఖానాలు సైన్యానికి కావాల్సిన సామాను చేశాయి. రాగి గిన్నెలు, ఇత్తడి సిగరెట్ పెట్టెలు, యుద్ధ సామగ్రి. వజ్రాలు పొదిగిన చేతులే రాగిని మలిచాయి. 1916లో మహారాణికి వెళ్లిన గుడ్డు ఉక్కుది. నాలుగు చిన్న ఫిరంగి గుండ్ల మీద నిలబడి ఉంటుంది. దాని పక్కన 1885 నాటి తెల్ల గుడ్డును పెట్టి చూస్తే, ముప్పై ఏళ్లలో ఒక రాజ్యం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో తెలిసిపోతుంది.

1917లో విప్లవం. జార్ గద్దె దిగారు. ఆ ఏడు ఈస్టర్‌కు మొదలుపెట్టిన గుడ్లు చేరాల్సిన చేతికి చేరలేదు. 1918లో కొత్త ప్రభుత్వం వ్యాపారాన్ని స్వాధీనం చేసుకుంది. అధికారులు వచ్చినప్పుడు, టోపీ, కోటు వేసుకోవడానికి పది నిమిషాలు గడువు ఇవ్వమని మాత్రమే ఆయన అడిగారని ఒక కథ ఉంది. 76 ఏళ్ల దుకాణానికి పది నిమిషాల వీడ్కోలు.

భద్రత అంటే ఏమిటో ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? కుటుంబం కాపాడుకుందామనుకున్న విలువైన వస్తువులను పెట్టెల్లో సర్ది, విదేశీ రాయబార కార్యాలయం నీడలో ఉంచారు. అక్కడైతే ఎవరూ చేయి వేయరని నమ్మకం. అవీ దోపిడీకి పోయాయి. ఎంత మంచి కీలు పెట్టినా, ఎంత గట్టి గొళ్లెం పెట్టినా, చుట్టూ ఉన్న వ్యవస్థ కూలితే పెట్టె ఒక్కటే కాపాడలేదు.

ఆయన 1918లో రైల్లో రిగా చేరి, అక్కడి నుంచి జర్మనీ వెళ్లారు. భార్య ఆగస్టా, పెద్ద కొడుకు యూజీన్ చలికాలంలో మంచులో, కొంత దూరం బండి మీద, కొంత దూరం నడిచి ఫిన్లాండ్ సరిహద్దు దాటారు. అగథాన్, అలెగ్జాండర్ అనే ఇద్దరు కొడుకులు జైలు పాలయ్యారు. బాబాయి పేరు పెట్టుకున్న అగథాన్ చేత కొత్త ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న నగల విలువ కట్టించింది. ఒకప్పుడు తండ్రి మరమ్మతు చేసిన ఖజానా సొమ్మును కొడుకు అమ్మకానికి లెక్క కట్టాల్సి వచ్చింది. అతను 1927లో గడ్డకట్టిన సముద్రం మీదుగా ఫిన్లాండ్ పారిపోయాడు.

పని లేని ఫాబెర్జే ఎక్కువ కాలం బతకలేదు. 1920 సెప్టెంబరు 24న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కన్నుమూశారు. తర్వాత యూజీన్ తండ్రి అస్థికలను ఫ్రాన్స్‌లోని కాన్‌కు తీసుకెళ్లి తల్లి సమాధిలో ఉంచాడు. ఆ తర్వాత కుటుంబం పేరు కూడా చేజారింది. అమెరికాలో ఒక వ్యాపారి ఫాబెర్జే పేరుతో సెంట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి వివాదం నడిచి, 1951లో 25,000 డాలర్ల దగ్గర కుటుంబం రాజీ పడాల్సి వచ్చింది.

మిఠాయి డబ్బాలు

ఫాబెర్జే వస్తువులు ఆ తర్వాత ఏమయ్యాయి? డబ్బు అవసరమైన సోవియట్ ప్రభుత్వం 1920, 1930 దశకాల్లో చాలావాటిని విదేశీ వ్యాపారులకు అమ్మేసింది. ఎన్నో వస్తువులు డబ్బాల నుంచి విడిపోయాయి. గుడ్డు ఒక దేశానికి, లోపలి వస్తువు ఇంకో చేతికి వెళ్లింది. మొదటి గుడ్డులోని వజ్రాల కిరీటం, కెంపు ఈనాటికీ దొరకలేదు. పది గుడ్లు మాస్కో క్రెమ్లిన్‌లోనే మిగిలాయి.

1990లో మాస్కోలో ఒక పాత ఇంటి మరమ్మతు జరుగుతుంటే రెండు రేకు డబ్బాలు బయటపడ్డాయి. మిఠాయి డబ్బాలు. తెరిస్తే లోపల ఫాబెర్జే నగలు. విప్లవం తర్వాతి రోజుల్లో కంపెనీలో పని చేసిన మనిషి దాచినవి. హాలీ చెక్క లేదు, పట్టు అస్తరు లేదు. పిల్లల చాక్లెట్లు పెట్టుకునే రేకు డబ్బా. రాజ్యాలు కాపాడలేనిది ఆ రేకు డబ్బా దశాబ్దాల పాటు కాపాడింది. దాచిన మనిషి మనసులో ఉన్నది అమానత్ అన్న భావం కావచ్చు, భయం కావచ్చు. ఏదైనా, యజమాని వెళ్లిపోయినా సొమ్ముకు కాపలా ఉన్నది అతని పనివాడే.

ఇక ఆ 1887 నాటి గడియారం గుడ్డు. 1902లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రదర్శనలో కనిపించాక జనం దాన్ని మళ్లీ చూడలేదు, తర్వాతి కాలంలో దాని జాడ తెలియకుండా పోయింది. 1964లో న్యూయార్క్ వేలంలో మామూలు గడియారం పెట్టెగా 2,450 డాలర్లకు అమ్ముడైంది. దాని మీద డబ్బా ముద్ర లేదు, పత్రం లేదు, అందుకే ఎవరూ గుర్తు పట్టలేదు. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలో పాత బంగారం కొనే వ్యాపారి ఒకాయన దాన్ని సుమారు 14,000 డాలర్లకు కొన్నాడు, కరిగిస్తే కాస్త లాభం మిగులుతుందని. బంగారం తూకానికి అంత ధర రాదని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. నాణ్యం చూడటానికి గీసిన గీతలు గుడ్డు మీద పడ్డాయి. అది అతని వంటింట్లో ఉండిపోయింది.

చివరికి లోపలి గడియారం మీదున్న వాషెరాన్ కాన్స్టాంటిన్ పేరు పట్టుకుని అతను ఇంటర్నెట్‌లో వెతికాడు. పోయిన గుడ్డు గురించి ఒక పత్రిక రాసిన కథనం కనిపించింది. ఫొటోలు తీసుకుని లండన్‌లోని వార్ట్‌స్కీ నగల దుకాణానికి వెళ్లాడు. అదే ఇది అని తేలింది. 2014లో లండన్‌లో జనం దాన్ని చూశారు, 112 ఏళ్ల తర్వాత. పెట్టె గడియారాన్ని కాపాడాలని ఫాబెర్జే చేస్తే, చివరికి గడియారం మీది పేరే పెట్టెను కొలిమి నుంచి కాపాడింది.

మనకు మిగిలేది

ఫాబెర్జే పేరు చెప్పగానే వజ్రాలు, రాజులు, కోట్ల రూపాయల వేలం గుర్తొస్తాయి. కానీ ఆయన దుకాణంలో లక్షకు పైగా వస్తువులు తయారయ్యాయి. వాటిలో చాలావరకు మామూలు డబ్బున్న ఇళ్లకు వెళ్లిన ఫ్రేములు, గంట మీటలు, బల్ల గడియారాలు. అన్నింటికీ వాటి కొలతకు డబ్బా ఉండేది. కొనేవాడు చక్రవర్తి అయినా కాకపోయినా అస్తరు మాత్రం అదే జాగ్రత్తతో వేశారు.

డబ్బా చేయడాన్ని మనం చిన్న పనిగా చూస్తాం. నగ చేసినవాడికి పేరు, డబ్బా చేసినవాడికి కూలి. కానీ చేసిన వస్తువు ఎంత గొప్పదైనా, అది కొన్నవాడి మనవళ్లదాకా వెళ్లాలంటే మధ్యలో ఎవరో దాని బరువు, దాని సన్నని అంచు, దాని బలహీనత తెలుసుకుని గూడు కట్టాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు వదిలి వెళ్లిన గడియారానికో కంఠెకో పాత డబ్బా ఉంటే పారేయకండి. లోపల దుకాణం పేరు, ఊరు ఉందేమో చూడండి. ఆ వస్తువు ఎక్కడిదో, ఎవరిదో రేపు మీ పిల్లలకు చెప్పగలిగేది ఆ అస్తరు ముక్కే కావచ్చు.